థార్న్‌బెక్ టౌన్ గోల్‌కీపరు

రామకోటేశ్వరరావు మాస్టారు ముప్పై ఎనిమిదేళ్ళు డ్రిల్లు మాస్టారిగా పనిచేసి కిందటి వేసవిలో రిటైరయ్యారు. నెల తిరక్కుండానే ఆయనకి పొద్దు పోవడం కష్టమైపోయింది. బెంజ్ సర్కిల్ వెనక సందులో, నాలుగంతస్తుల అపార్ట్‌మెంటులో పై అంతస్తు ఫ్లాటు వాళ్ళది. తెల్లవారుజామునే లేచి వాకింగు, పేపరు, టిఫిను అయ్యేసరికి తొమ్మిది కొట్టేది. ఇక రోజంతా వంటింటి గుమ్మంలో నిలబడి కనకలక్ష్మిగారికి పోపు ఎలా పెట్టాలో చెబుతుండేవారు. ఆవిడ ఓర్చుకున్నన్నాళ్ళు ఓర్చుకుని, చివరికి కూతురి దగ్గర మొరపెట్టుకున్నారు.

కూతురు శ్రీదుర్గది ఆటోనగర్లో ఉద్యోగం. ఓ ఆదివారం తన పాత లాప్‌టాప్ తెచ్చి, అందులో ఫుట్‌బాల్ ఆట ఒకటి వేసిచ్చింది. బంతి మనం తన్నే ఆట కాదది. మనం మేనేజరు. ఎవరిని ఆడించాలి, ఎవరిని కూర్చోబెట్టాలి, ఎవరిని బుజ్జగించాలి అన్నీ మనమే చూసుకోవాలి. మ్యాచ్ మొదలైతే తెర మీద పచ్చటి మైదానం కనబడుతుంది. అందులో చుక్కలు పరిగెడుతుంటాయి. ఒక్కో చుక్క ఒక్కో ఆటగాడు. పక్కన ఇంగ్లీషులో ఏం జరిగిందో ఒక్కో వాక్యం వస్తుంటుంది.

పేరున్న జట్లన్నీ వదిలేసి మాస్టారు ఇంగ్లండులో ఆరో డివిజన్లో అట్టడుగున ఉన్న థార్న్‌బెక్ టౌన్‌ని తీసుకున్నారు. అది నిజంగా ఉన్న ఊరో, కంప్యూటర్ కల్పించిన ఊరో ఆయనకి తెలీదు. నది పక్కన గ్రౌండు. గట్టిగా నాలుగు వందల మంది జనం. ఎప్పుడు చూసినా మోకాలి నొప్పని కూర్చునే ఒక స్ట్రైకరు. "అచ్చం మన హైస్కూలు టీమే" అని మురిసిపోయారు. నోటుపుస్తకం పెట్టి అందులో జట్టు కూర్పు రాసుకునేవారు. మధ్యాహ్నం ఏం కూర చెయ్యమంటారని అడిగితే, మనకి లెఫ్ట్ బ్యాక్ లేడు అని జవాబు చెప్పేవారు. కనకలక్ష్మిగారు నవ్వుకుని ఏదో ఒకటి వండేసేవారు.

నవంబరు వచ్చింది. తుఫాను పట్టింది. మూడు రోజులుగా ఒకటే ముసురు. సాయంత్రం నాలుగింటికే గదిలో లైటు వేసుకోవలసి వస్తోంది. థార్న్‌బెక్ పరిస్థితి కూడా అలాగే ఉంది. వరసగా ఏడు ఓటములు. సీజన్ చివరికొచ్చింది. ఇంకో డివిజన్ కిందికి జారితే మీ ఉద్యోగం పోతుందని క్లబ్బు చైర్మన్ మెయిలు పంపించాడు. మాస్టారికి రెండు రాత్రులు నిద్ర సరిగా పట్టలేదు.

మూడో రోజు సాయంత్రం ఇంకో మెయిలు వచ్చింది. ఆటలో ఏడాదికోసారి క్లబ్బుకి కొత్త కుర్రాళ్ళు వస్తారు. వాళ్ళ పేర్లూ ఊళ్ళూ కంప్యూటరే పుట్టిస్తుంది. ఎనిమిది మంది జాబితా. ఏడు పేర్లు ఇంగ్లీషు పేర్లు. ఎనిమిదోది చదివి మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. మళ్ళీ చదివారు.

కె. లాజరు. గోల్‌కీపర్. వయసు పదహారు. పుట్టిన ఊరు కంకిపాడు.

మిగతా ఏడుగురికీ కంప్యూటర్ గీసిన మొహాలున్నాయి. ఈ పేరు పక్కన మొహం లేదు. అటు తిరిగి నిలబడిన మనిషి తల వెనకభాగంలా ఒక నల్లటి నీడ ఉంది. జుట్టు మెడకి అంటుకుపోయి ఉన్నట్టుంది.

ఆయన కూతురికి ఫోన్ చేశారు. నువ్వేమైనా ఇందులో పేర్లు మార్చావా అని అడిగారు. శ్రీదుర్గ నవ్వింది. అన్ని దేశాల పేర్లూ అందులో ఉంటాయని, కంకిపాడు కూడా ఎవరో ఎక్కించి ఉంటారని చెప్పి, మీటింగుందని పెట్టేసింది. అయి ఉండొచ్చు. మాస్టారు అలాగే అనుకోవాలని చాలా ప్రయత్నించారు.

ముప్పై ఆరేళ్ళ కిందట ఆయన కంకిపాడు అవతల ఒక పల్లెటూరి హైస్కూల్లో పనిచేశారు. అప్పుడాయన టీములో గోల్‌కీపరు పేరు కె. లాజరు. పదో తరగతి. పదహారేళ్ళకి కాలవలో పడి పోయాడు.

ఆయన ఆ కుర్రాణ్ణి జట్టులో వేయలేదు. జాబితాలో అడుగున వదిలేశారు. మర్నాడు ఆట తెరవగానే ఒక సందేశం ఉంది. లాజరు మీతో మాట్లాడాలనుకుంటున్నాడు. ఆటలో ఇది మామూలే. ఆటగాడు అడుగుతాడు, మేనేజరు చెప్పగలిగే జవాబులు నాలుగు తెర మీదే వస్తాయి, ఒకటి నొక్కాలి. నన్ను ఎప్పుడు ఆడిస్తారు అని అడిగాడు లాజరు. మాస్టారు ఎక్కువ ఆలోచించకుండా, వచ్చే మ్యాచ్‌లో గోలు నీదే అన్న జవాబు నొక్కారు.

నొక్కాక గానీ గుర్తు రాలేదు. అప్పుడూ ఇదే మాట అన్నారు. సరిగ్గా ఇదే మాట.

ఆ మ్యాచ్‌కి లాజరుని వేయలేకపోయారు. పదకొండు మందిలో ఆ పేరు చేర్చడానికి వేలు ముందుకి వెళ్ళలేదు. పాత గోల్‌కీపర్నే ఉంచి మ్యాచ్ మొదలుపెట్టారు. బయట వాన జోరందుకుంది. తెర మీద చుక్కలు పరిగెడుతున్నాయి. ఇరవయ్యో నిమిషంలో ఆయనకి ఏదో తేడాగా అనిపించింది. లెక్కపెట్టారు. అటు పదకొండు, ఇటు పదకొండు. మరి ఇంకొకటేమిటి?

మైదానం గీతకి అవతల ఒక చుక్క ఉంది.

బంతి ఎటు వెళ్తే ఆ చుక్క అటు వెళ్తోంది. గీత దాటి లోపలికి రావడం లేదు. గీత వెంబడే... పక్కపక్కనే... పరిగెడుతోంది. బంతి ఆగితే ఆగుతోంది. మళ్ళీ పరుగు.  అలా గీత వెంబడి పరిగెత్తిన మనిషిని ఆయన ఒకప్పుడు చూశారు.

అప్పుడే వాసన తగిలింది. గుర్రపుడెక్క కుళ్ళిన వాసన. కాలవ ఒండ్రు వాసన. నాలుగో అంతస్తులో, తలుపులన్నీ బిగించిన గదిలో.

తర్వాత చప్పుడు. దబ్... దబ్... తడిసి బరువెక్కిన బంతిని గోడకేసి కొడుతున్న చప్పుడు. కొట్టడం, పట్టుకోవడం. కొట్టడం, పట్టుకోవడం.

కనకలక్ష్మిగారు టీ తెచ్చి బల్ల మీద పెట్టారు. పైన పిల్లలెవరో బంతాట ఆడుతున్నట్టున్నారు, ఈ వానలో జలుబు చెయ్యదూ అని గొణుక్కుంటూ వెళ్ళిపోయారు. వాళ్ళ ఫ్లాటు పైన ఇంకెవరి ఇల్లూ లేదు. డాబా ఒక్కటే ఉంది. డాబా తలుపు తాళంచెవి ఈ గదిలోనే మేకుకి వేలాడుతోంది.

థార్న్‌బెక్ ఎనిమిదోసారి ఓడిపోయింది. మాస్టారు వెంటనే లాజరు పేరు తెరిచి, క్లబ్బు నుంచి తీసేసే బటన్ నొక్కారు. ఒప్పందం రద్దు చేయమంటారా అని ఆట అడిగింది. అవునన్నారు. కాసేపు తెర కదల్లేదు. తర్వాత ఒక జవాబు వచ్చింది. ఆ ఆటలో అన్నీ ఇంగ్లీషే. తెలుగు అక్షరం ఒక్కటి కూడా ఉండదు. ఆ జవాబు మాత్రం తెలుగులో ఉంది.

"మాటిచ్చారు కదండీ మాస్టారూ."

ఆయన లాప్‌టాప్ మూసేశారు. లేచి వంటింట్లోకి వెళ్ళి, గ్యాసు పొయ్యి పక్కన పీట వేసుకుని కూర్చున్నారు. కనకలక్ష్మిగారు ఆయన మొహం చూసి పొయ్యి కట్టేశారు. ముప్పై ఆరేళ్ళుగా ఎవరికీ చెప్పనిది అప్పుడు చెప్పారు.

లాజరు మంచి కీపరు. ఎడమచేతి వాటం. వాడు గోల్లో నిలబడితే ధైర్యంగా ఉండేది. విజయవాడలో పెద్ద మ్యాచ్ పడింది. గోలు నీదే అని మాస్టారు వాడికి మాటిచ్చారు. ముందురోజు రాత్రి ఊరి పెద్దమనిషి ఒకాయన కబురు పెట్టాడు. తన మనవణ్ణి గోల్లో నిలబెట్టాలన్నాడు. ఇరవయ్యారేళ్ళ కొత్త మాస్టారికి కాదనే ధైర్యం లేకపోయింది. ఆ సంగతి లాజరుకి చెప్పే ధైర్యం అంతకన్నా లేకపోయింది. పొద్దున్న ఆరింటికి బయల్దేరవలసిన వ్యానుని అయిదున్నరకే బయల్దేరదీశారు.

కాలవకి ఈ గట్టున రోడ్డు. ఆ గట్టున బాట. వ్యాను రెండు మైళ్ళు వెళ్ళేసరికి ఆ గట్టు మీద లాజరు కనిపించాడు. సంచీ భుజాన వేసుకుని, చెయ్యి ఊపుతూ, వ్యానుతో సమానంగా పరిగెడుతున్నాడు. ముందు ఒక తాటిదుంగ వంతెన ఉంది. అది దాటితే రోడ్డు మీదికి రావచ్చు.

"వెనక పిల్లలంతా నిద్రలో ఉన్నారు. డ్రైవరు ఆపమంటారా అని అడిగాడు" అన్నారు మాస్టారు. "నేను... పోనివ్వమన్నాను."

మర్నాడు పొద్దున లాకుల దగ్గర శవం తేలింది. వాడు వ్యానుని అందుకోవాలనే ఆ దుంగ మీదికి వచ్చాడని ఆయనకీ డ్రైవరుకీ తప్ప ఇంకెవరికీ తెలీదు. ఆ మ్యాచ్ కూడా నాలుగు గోల్స్ తేడాతో ఓడిపోయారు.

కనకలక్ష్మిగారు కట్టేసిన పొయ్యి మళ్ళీ వెలిగించారు. ఆయన వైపు చూడలేదు. తర్వాత మెల్లిగా అన్నారు. "ఆ పిల్లాణ్ణి ఆడించండి."

మర్నాడు సాయంత్రం ఆఖరి మ్యాచ్. గెలిస్తే థార్న్‌బెక్ నిలుస్తుంది. మాస్టారు గోల్‌కీపరు స్థానంలో లాజరు పేరు పెట్టారు. వేలు పక్క పేరు మీద పడి రెండుసార్లు నొక్కాల్సి వచ్చింది. అయిదింటికి కరెంటు పోయింది. లాప్‌టాప్ బ్యాటరీ మీద నడుస్తోంది. గదిలో తెర వెలుగు తప్ప ఇంకేమీ లేదు. వంటింట్లో కనకలక్ష్మిగారు కొవ్వొత్తి వెలిగించుకుని కూర్చున్నారు.

మ్యాచ్ మొదలైంది. గీతకి అవతల చుక్క లేదు. గోల్లో ఉంది. కదలకుండా, నిటారుగా ఉంది. అవతలి జట్టు వరసపెట్టి దాడి చేస్తోంది. ఒక్క బంతి లోపలికి పోవడం లేదు. లాజరు ఆపాడు. లాజరు ఆపాడు. లాజరు మళ్ళీ ఆపాడు. అతడు ఆపిన ప్రతిసారీ పైన డాబా మీద దబ్ మని ఒక్క చప్పుడు. అరవయ్యో నిమిషంలో ఎలాగో థార్న్‌బెక్ ఒక గోలు కొట్టింది. మాస్టారు మామూలుగా అయితే ఎగిరి గంతేసేవారు. ఇప్పుడు గుర్తించను కూడా లేదు. ఆ ఒక్క చుక్కనే చూస్తున్నారు.

ఎనభై ఎనిమిదో నిమిషం. పెనాల్టీ.

చప్పుడు ఆగిపోయింది. వాన కూడా ఆగిందా? ఏమీ వినబడటం లేదు. వాసన ముక్కుపుటాలు మండిపోయేంత దగ్గరగా ఉంది. బురద... తడి తోలు... తెరలో పచ్చదనం మీద ఏదో నల్లగా పాకుతోంది. నీడా? నీళ్ళా?

లాజరు ఎడమవైపు దూకాడు. ఆపేశాడు.

విజిల్. ఒకటి, సున్నా. థార్న్‌బెక్ నిలబడింది.

చుక్కలన్నీ ఒక్కొక్కటే మైదానం వదిలి వెళ్ళిపోయాయి. ఒకటి మిగిలింది. అది గోల్లోంచి కదిలి, మెల్లిగా, నడుస్తున్నట్టుగా తెర కింది అంచు వైపు వస్తోంది. మాస్టారు కూర్చున్న వైపు. గీత దగ్గరికి వచ్చింది. ఆగింది. గీత దాటింది. తెర అంచు దాకా వచ్చి... కనబడకుండా పోయింది.

ఆయన వెనక, గచ్చు మీద, తడి పాదం పెట్టిన చప్పుడయింది.

ఒకటి. ఇంకొకటి.

మాస్టారు తల తిప్పలేదు. తిప్పలేకపోయారు. బట్టతల మీద చల్లగా ఒక నీటిచుక్క పడి వీపు మీదికి జారింది. తెర మీద సందేశం తెరుచుకుంది. మళ్ళీ తెలుగే.

"ఇంటి దాకా రండి మాస్టారూ. ఒక్కణ్ణీ పోలేను."

కింద జవాబులు నాలుగు ఉండాలి. ఒక్కటే ఉంది.

"పద, నేనూ వస్తాను."

కనకలక్ష్మీ అని పిలవబోయారు.  లాప్‌టాప్ మూత మూయబోయారు. మూత బిగుసుకుపోయింది. వెనక ఎవరో ఊపిరి పీలుస్తున్నారు... నీళ్ళు మింగినవాడి ఊపిరి... గరగరమంటూ... చెవి పక్కనే... ఇంకా దగ్గరగా...

ఆయన నొక్కేశారు.

అంతే, కరెంటు వచ్చింది. ఫ్యాను తిరిగింది. గదిలో ఎవరూ లేరు. గచ్చు పొడిగా ఉంది. కనకలక్ష్మిగారు వచ్చి ఏమైందని అడిగితే, గెలిచాం, వాడు ఆడాడు అని మాత్రం చెప్పారు. జాబితాలో లాజరు పేరు వెతికారు. లేదు. ఆఖరున నొక్కిన జవాబు సంగతి ఆవిడకి చెప్పలేదు.

వెళ్ళి లాజరు వాళ్ళకి నిజం చెప్పి రమ్మని ఆవిడ పట్టుబట్టారు. తుఫాను కాస్త తెరిపిచ్చిన రోజు మాస్టారు ఆటో మాట్లాడుకుని బయల్దేరారు. లాజరు తల్లి ఎప్పుడో పోయింది. చెల్లెలు స్టెల్లా అంగన్‌వాడీ టీచరు. కాలవ గట్టు కింద అదే ఇంట్లో ఉంటోందని ఊళ్ళో వాళ్ళు దారి చూపించారు. గట్టు అంచు దాకా ఎర్రటి నీళ్ళు సుళ్ళు తిరుగుతూ పోతున్నాయి.

గుమ్మంలో ఆయన్ని చూసి స్టెల్లా ఒక అడుగు వెనక్కి వేసింది. పేరు చెప్పాక లోపలికి రమ్మని కుర్చీ వేసింది. ఆయన చెప్పదలచుకున్నదంతా తల వంచుకుని చెప్పేశారు. మాటివ్వడం, అరగంట ముందు బయల్దేరడం, డ్రైవరుతో అన్న మాట. చెప్పి, తిడుతుందనీ ఏడుస్తుందనీ ఎదురుచూశారు.

స్టెల్లా అయోమయంగా చూసింది.

"మీరు వ్యాను ఆపలేదా? అన్నయ్య అలా చెప్పలేదే."

"ఎప్పుడమ్మా?"

"ఆ సాయంత్రమేనండి." ఆవిడ గొంతు తగ్గింది. "అమ్మ ఉయ్యూరు వెళ్ళింది. నేనూ, చూపు లేని మామ్మా ఉన్నాం. నాకు తొమ్మిదేళ్ళు. పొద్దుగూకాక అన్నయ్య వచ్చాడండి. తడిసిపోయి ఉన్నాడు. మాస్టారు నన్నే ఆడించారు, ఒకటి సున్నా మీద గెలిచాం, ఆఖర్లో పెనాల్టీ ఆపాను అన్నాడు. ఎడమవైపు ఎలా దూకాడో చూపించాడు కూడా. నా పక్కన కూర్చుని అన్నం తిన్నాడు. తెల్లారేసరికి చాప మీద లేడు. లాకుల దగ్గర దొరికాడన్నారు. ముందురోజు పొద్దున్నుంచీ నీళ్ళలోనే ఉన్నాడని పోలీసులన్నారు. నా మాట ఎవరు నమ్ముతారండి? చిన్నపిల్ల కలగందన్నారు."

మాస్టారు కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నారు. ఇంక అడగకూడదని తెలుస్తూనే ఉంది.

"ఒక్కడే వచ్చాడా?"

స్టెల్లా లేచి తలుపు దగ్గరికి వెళ్ళి, బయట ఒక చోటు చూపించింది.

"మాస్టారు నన్ను దిగబెట్టడానికొచ్చారు, లోపలికి రారట, అక్కడ నిలబడ్డారు అన్నాడండి. నేను తొంగి చూశాను. మీరప్పుడు కుర్రాళ్ళు కదా. అక్కడున్నది ఎవరో ముసలాయన. బట్టతల. ఒళ్ళంతా నీళ్ళు కారుతున్నాయి. నా వంక చూసి ఏదో చెప్పబోయారు, నోట్లోంచి నీళ్ళు తప్ప మాట రాలేదు. ఇందాక మీరు గుమ్మంలోకి వచ్చినప్పుడు..." ఆవిడ ఆగిపోయింది.

బయట చినుకులు మొదలయ్యాయి. గట్టు మీద ఆటో అతను హారన్ కొడుతున్నాడు, నీళ్ళు రోడ్డెక్కకముందే పోదాం రమ్మని.

"ఒక కాలికే చెప్పుందండి ఆయనకి" అంది స్టెల్లా.

మాస్టారు గుమ్మం వైపు చూశారు. ఆయన విడిచిన చెప్పులు రెండూ పక్కపక్కనే ఉన్నాయి. ఒకటి కాలవలోంచి తీసినట్టు తడిసి ఉంది.